చెయ్యి మనవడిది, ఓటు మామ్మది

పోయిన సంచికలో, కదల్లేని పెద్దవాళ్ళు ఇంటి దగ్గరే కాగితం మీద ఓటు వేసే సౌకర్యం గురించి రెండు ముక్కలు రాశాను. దానికి ఒడిశాలో పర్లాకిమిడి నుంచి మహారాష్ట్రలో సిరొంచ దాకా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు వచ్చాయి. చాలామందిది ఒకటే బెంగ. ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్ళున్నారు, వాళ్ళ ఓటుకి మనం ఎంతవరకు సాయం పట్టొచ్చు? నేను ముప్పై ఏళ్ళకు పైగా గజపతి జిల్లా ప్రభుత్వ బడుల్లో ఒడియాలో లెక్కలు చెప్పి, ఇంటికొచ్చి తెలుగు మాట్లాడుకున్న మనిషిని. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ డ్యూటీ పడేది. 2024 మేలో ఇళ్ళకు వెళ్ళి ఓటు వేయించే టీమ్‌లో పోలింగ్ ఆఫీసరుగా తిరిగాను. రూల్ పుస్తకంలో చదివిందీ, కళ్ళారా చూసిందీ కలిపి చెప్తాను.

ప్రశ్న: మా అత్తగారికి 88 ఏళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాలు, మనిషి పోలిక కూడా తెలియదు. ఆవిడ చదువుకున్నది తెలుగే, ఒడియా అక్షరం రాదు. పోలింగ్ వాళ్ళు ఇంటికి వస్తే ఆవిడ ఓటు నేను వేయొచ్చా?
(ఒక కోడలు, పర్లాకిమిడి)

వేయొచ్చమ్మా. కాకపోతే ఆవిడ చెప్పినట్టు మాత్రమే. దీనికి 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎన్ అని ఒక రూలుంది. చూపు లేక గానీ, శరీరం సహకరించక గానీ సొంతంగా ఓటు వేయలేని వాళ్ళు తమకు నమ్మకమైన ఒక మనిషిని సాయం తెచ్చుకోవచ్చు. ఆ మనిషికి 18 ఏళ్ళు నిండి ఉండాలి. ఓటు ఎవరికి పడిందో బయటికి చెప్పననీ, ఆ రోజు ఇంకెవరికీ ఇలా సాయం చేయలేదనీ ముందే డిక్లరేషన్ రాసి సంతకం పెట్టాలి. పోలింగ్ కేంద్రంలో ఉన్న రూలే ఇంటి దగ్గరా వర్తిస్తుంది.

ఎలా జరుగుతుందో నేను చూసిన ఒక ఇల్లు చెప్తాను. మే నెల మొదట్లో, మహేంద్రతనయ ఒడ్డున ఒక వీధి. పదకొండు గంటలకే రోడ్డు మీద కాలు పెట్టలేని ఎండ. మామ్మకి తొంభై దాటాయి, చూపు పూర్తిగా పోయింది. సాయానికి మనవణ్ణి పిలిపించుకుంది. పాతికేళ్ళ కుర్రాడు, షాపు మూసి వచ్చాడు. కార్డు చూశాం, డిక్లరేషన్ రాయించుకున్నాం. బల్ల మీద అట్టలతో అడ్డు కట్టాం. వీడియో తీసే అబ్బాయిని గుర్తింపు కార్డు చూసేవరకూ తీయమని, ఆ తర్వాత కెమెరా గుమ్మం వైపు తిప్పమన్నాను. ఓటు వేసే క్షణం వీడియోలో పడకూడదు.

మన ఒడిశాలో ఆ ఏడు లోక్‌సభకి, అసెంబ్లీకి ఒకేసారి పోలింగ్ కాబట్టి కాగితాలు రెండు. తెల్లది లోక్‌సభకి, గులాబీ రంగుది అసెంబ్లీకి. నేను రెండూ బల్ల మీద పెట్టగానే మామ్మకి రెపరెప వినబడింది. "ఏటి బాబూ, ఆ ఫేను ఆపీండి, కాగితం ఎగిరిపోద్ది" అంది. ఆపేశాం. అందరికీ చెమటలు కారిపోతున్నాయి. మేం దూరం జరిగాం. మనవడు ఒక్కో పేరూ, ఒక్కో గుర్తూ ఆవిడ చెవిలో చదివాడు. ఆవిడ అతని తల దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది. పెన్ను పట్టుకున్న అతని పిడికిలి మీద తన చెయ్యి వేసి ఉంచింది. గీత పడ్డాక "ఏసీనావా?" అంది. "ఏసీనాను మామ్మా." కాసేపాగి మళ్ళీ అడిగింది, "నాను చెప్పినదానికేనా?" వాడు ఆవిడ చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

మీరు చేయాల్సిన సాయం అచ్చంగా అంతే. పేర్లన్నీ చదవాలి, మీకు నచ్చని పేరు కూడా అదే గొంతుతో చదవాలి. చివర్లో ఉండే నోటా కూడా చెప్పాలి. "ఆయనకి వేసి ఏం లాభం అత్తయ్యా" అన్న మాట ఆ బల్ల దగ్గర రాకూడదు.

ఇక ఒడియా రాకపోవడం గురించి. చాలామంది తెలుగువాళ్ళు దీన్నే పెద్ద కారణంగా రాశారు. అక్షరం రాదన్న ఒక్క కారణానికి పోలింగ్ కేంద్రంలో తోడు మనిషిని అనుమతించరు. చూపు బాగుండి చెయ్యి ఆడే పెద్దవాళ్ళకి అక్షరాలతో పని కూడా లేదు. 2015 నుంచీ బ్యాలెట్ మీద అభ్యర్థి ఫోటో వేస్తున్నారు, గుర్తు ఎప్పటినుంచో ఉంది. మీ అత్తగారి విషయంలో కారణం శుక్లాలు, ఒడియా కాదు. టీమ్ వాళ్ళు అడిగితే ఆ మాటే చెప్పండి. టీమ్‌లో ఎవరినీ "మీరే గీత పెట్టేయండి సార్" అని అడక్కండి. ఎలా వేయాలో మేం వివరిస్తాం గానీ తోడు మనిషిగా ఉండడానికి పోలింగ్ సిబ్బందికి వీల్లేదు.

ప్రశ్న: మా ఇంట్లో తాతయ్య, నానమ్మ ఇద్దరూ మంచం మీదే. ఇద్దరికీ చెయ్యి వణుకు. ఇద్దరికీ నేనే రాసేస్తాను అంటే కుదరదన్నారు. నిజమేనా?
(ఒక మనవడు, కాశీనగర్)

నిజమే బాబూ. ఒక మనిషి ఒక రోజులో ఒక్క ఓటరుకే తోడు ఉండాలి. వీధిలో పెద్దవాళ్ళందరికీ ఒక్క కార్యకర్తే "సాయం" చేసేయకుండా పెట్టిన రూలు ఇది, ఇంట్లోవాళ్ళకీ మినహాయింపు లేదు. తాతయ్యకి నువ్వుండు, నానమ్మకి మీ అమ్మో, మేనత్తో, పక్కింటి అక్కో ఉండనీ. ఎవరు కావాలో నానమ్మనే అడుగు. మేం వెళ్ళిన ఒక ఇంట్లో కొడుకు సిద్ధంగా నిలబడి ఉంటే, ఆ అమ్మ అవతలింటి పిల్లని పిలిపించుకుంది. కొడుక్కి మనసు చిన్నబుచ్చుకున్నట్టయింది, నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఎంచుకునే హక్కు ఆవిడదే.

ఇంకో మాట. చెయ్యి వణికినంత మాత్రాన తోడు తప్పనిసరి కాదు. కాగితం కదలకుండా అట్టకి క్లిప్పు పెట్టి ఇస్తే చాలామంది సొంతంగా వేశారు. టిక్కు కాస్త వంకరైనా ఫరవాలేదు, ఏ అభ్యర్థికో స్పష్టంగా తెలిస్తే చాలు. ముందు తాతయ్యని ఒక తెల్లకాగితం మీద గీసి చూడమను.

ప్రశ్న: ఈ 12డి ఫారం ఏమిటి? ఎప్పుడివ్వాలి? ఒక పార్టీ మనిషి వచ్చి "మీ నాన్నగారి ఫారం నేను నింపి ఇస్తాను" అంటున్నాడు.
(ఒక పాఠకుడు, రాయగడ)

ఇంటి దగ్గరే ఓటు వేస్తానని పెట్టుకునే దరఖాస్తే 12డి. ఫారం ఎవరు నింపినా నింపకపోయినా, ఇవ్వాల్సింది బీఎల్వో (మన బూత్ ఓటరు జాబితా చూసే ఉద్యోగి) చేతికి. మన వైపు చాలా ఊళ్ళలో అంగన్‌వాడీ అమ్మాయే బీఎల్వో. ఆమె ఇంటికే తెచ్చిస్తుంది, మళ్ళీ వచ్చి తీసుకెళ్తుంది. నాన్నగారు సంతకం పెట్టాలి, లేదా వేలిముద్ర వేయాలి. పార్టీ మనిషికి నమస్కారం పెట్టి పంపించేయండి.

ఈ ఫారం పెట్టుకోదగ్గవాళ్ళు 85 ఏళ్ళు దాటినవాళ్ళు, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్ళు. వైకల్యం ఉన్నవాళ్ళు సర్టిఫికెట్ కాపీ జత చేయాలి. 2019లో మొదలుపెట్టినప్పుడు వయసు 80 ఉండేది, 2024 మార్చిలో 85కి పెంచారు. పాత లెక్క గుర్తుపెట్టుకుని "మా అమ్మకి 82, ఎందుకు రాలేదు" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఈ సౌకర్యం ఇచ్చింది 2024లోనే మొదటిసారి.

గడువు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటున్నారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన తేదీ తర్వాత అయిదు రోజుల్లోగా ఫారం రిటర్నింగ్ ఆఫీసరుకి చేరాలి. పోలింగ్‌కి అయిదు రోజుల ముందు అనుకుంటారు, కాదు. 2024లో మన గజపతి వైపు పోలింగ్ మే 13న. నోటిఫికేషన్ ఏప్రిల్ 18నే వచ్చేసింది. అంటే 23తో సరి. మైకులు తిరగడం మొదలయ్యేసరికే ఫారం గడువు అయిపోయింది.

ఫారం ఇచ్చేముందు ఇంట్లో కూర్చుని ఒక్కటి ఆలోచించండి. అది ఒప్పుకున్నాక ఓటరు జాబితాలో ఆ పేరు పక్కన "పీబీ" (పోస్టల్ బ్యాలెట్) అని గుర్తు పెడతారు. ఇక పోలింగ్ కేంద్రానికి వెళ్ళి ఓటు వేయడం కుదరదు. టీమ్ మొదటిసారి వచ్చినప్పుడు మనిషి ఇంట్లో లేకపోతే, ఇంకోసారి ఎప్పుడొస్తారో చెప్పి వస్తారు. రెండోసారీ లేకపోతే ఆ ఓటు పోయినట్టే.

గుణుపురంలో మా పెద్ద మావయ్యకి అదే అయింది. 86 ఏళ్ళ మనిషి, 1962 నుంచి ఒక్క ఎన్నికా మానలేదు. పిల్లలు మంచికే అనుకుని 12డి ఇప్పించారు. తర్వాత కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నం తీసుకెళ్ళారు. టీమ్ రెండుసార్లు వచ్చి వెళ్ళింది. మే 13 పొద్దున్నే మావయ్య ఉతికిన పంచె కట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కర్ర పట్టుకుని నడిచి వెళ్ళాడు. జాబితాలో పీబీ ఉంది, ఓటు ఇవ్వలేమన్నారు. వాళ్ళ తప్పు లేదు, రూలు అంతే. నేనే ముందుగా ఒక ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. ఆ నెల ఊరూరా తిరిగి వేరేవాళ్ళ తాతల చేత ఓటు వేయించాను, మా మావయ్య సంగతి అడగలేదు. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే గొంతు పట్టుకుంటుంది.

అందుకే చెప్తున్నాను. రిక్షాలోనో ఆటోలోనో కేంద్రానికి వెళ్ళగలిగిన మనిషైతే 12డి జోలికి పోకండి. అది ఎవరి మీదా బలవంతం కాదు. ఇల్లు కదల్లేనివాళ్ళకి మాత్రం అది వరం.

ప్రశ్న: మా నాయన వయసు ఓటరు లిస్టులో 79 అని ఉంది. అసలు వయసు 87. బీఎల్వో ఫారం ఇవ్వలేదు.
(ఒక పాఠకుడు, సిరొంచ)

బీఎల్వో లిస్టులో ఉన్న వయసే చూస్తారు. ఎన్నికలు లేనప్పుడే ఫారం 8 పెట్టి వయసు సరిచేయించండి, ఆధారం జత చేయాలి. అదే ఫారం 8లో వైకల్యం ఉన్న ఓటరుగా నమోదు చేయమని కూడా అడగొచ్చు. మీ నాయనకి 40 శాతం సర్టిఫికెట్ ఉంటే వయసు ఎంతున్నా ఇంటి ఓటుకి అర్హుడే, ఆ దారి కూడా చూడండి. మన సరిహద్దు ఊళ్ళలో పుట్టిన తేదీ కాగితాలు లేని పెద్దవాళ్ళు ఎక్కువ. లిస్టు రాసేటప్పుడు ఎవరో నోటికొచ్చిన అంకె చెప్పి ఉంటారు, అది అలాగే ఉండిపోతుంది.

ప్రశ్న: మా అమ్మకి మతిమరుపు జబ్బు. ఒక్కోరోజు నన్నే గుర్తుపట్టదు. నాన్న బతికున్నప్పటినుంచీ మా ఇంట్లో అందరం ఒకే పార్టీకి వేస్తాం. ఆవిడ తరఫున నేను దానికే వేసేస్తే తప్పా?
(ఒక కూతురు, బరంపురం)

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మా అమ్మ చివరి రెండేళ్ళు అలాగే ఉంది. కాబట్టి తేలిగ్గా తీసిపారేయడం లేదు.

మతిమరుపు వచ్చినంత మాత్రాన ఓటు హక్కు పోదు. మానసిక స్థితి సరిగా లేదని కోర్టు ప్రకటిస్తేనే జాబితాలోంచి పేరు తీస్తారని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. కాబట్టి మీ అమ్మగారు ఓటరే. డాక్టరు చీటీ చూపించి ఆవిడ పేరు తీసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

కానీ ఆవిడ తరఫున మీరు ఎంచుకోవడం తప్పు. తోడు మనిషి పని ఆవిడ నోటి మాటని గీతగా మార్చడం. నోటి మాటే రాని రోజున మీ దగ్గర మార్చడానికి ఏమీ ఉండదు. ముప్పై ఏళ్ళుగా ఆ గుర్తుకే వేసింది కదా అని మీకనిపిస్తుంది, నాకూ అనిపించేది. మా అమ్మ బాగున్నప్పుడు కూడా నాన్న చెప్పినదానికి కాకుండా వేరేదానికి వేసి, ఏడాది తర్వాత నాతో వంటింట్లో గుసగుసగా చెప్పింది. మీ అమ్మ ఏం వేసేదో మీకు నిజంగా తెలుసా?

టీమ్ వచ్చిన రోజు ఆవిడ తేటగా ఉంటే, ఫోటోలు చూపించి అడగండి. వేలు పెట్టి చూపిస్తే అది ఓటు. ఆ రోజు తేటగా లేకపోతే, ఇంకోసారి రమ్మని అడిగి చూడండి. అప్పుడూ కుదరకపోతే ఖాళీగా వదిలేయండి. ఆవిడ వేయని ఓటు ఆవిడ ఓటు కాదు.

ప్రశ్న: నాన్నగారికి తోడుగా ఉన్న మా అన్నయ్య, ఆయన ఎవరికి వేశారో ఊరంతా చెప్పేశాడు. నాన్నగారు బాధపడి రెండు రోజులు మాట్లాడలేదు.
(పేరు రాయొద్దన్నారు, గజపతి జిల్లా)

మీ అన్నయ్య సంతకం పెట్టిన డిక్లరేషన్‌లో మొదటి మాటే రహస్యం కాపాడతానని. అది మాట తప్పడమే, అంతకంటే మెత్తగా చెప్పలేను. మన పల్లెల్లో ఎవరు ఎటు వేశారన్నది పింఛను దగ్గర్నుంచి పొలం నీళ్ళ దాకా లాగుతుందని పెద్దాయనకి తెలుసు. వచ్చేసారి తోడు మనిషిని మార్చుకోమనండి. ఆయన ఇష్టం వచ్చినవాళ్ళని పెట్టుకోవచ్చు, కొడుకే ఉండాలని ఎక్కడా లేదు.

ప్రశ్న: మా తమ్ముడు సూరత్‌లో మిల్లులో పనిచేస్తాడు, చెల్లెలు అమెరికాలో. పోస్టులో ఓటు వేయొచ్చా?
(ఒక పాఠకురాలు, జయపురం)

ఇద్దరికీ లేదు. బతుకుతెరువుకి వేరే రాష్ట్రం వెళ్ళినవాళ్ళకి పోస్టల్ బ్యాలెట్ ఇవ్వరు. మీ చెల్లెలికి ఇంకా భారత పౌరసత్వం ఉంటే ఫారం 6ఏతో పేరు నమోదు చేయించుకోవచ్చు, కానీ పాస్‌పోర్టు పట్టుకుని తన పోలింగ్ కేంద్రానికి రావాలి. సైన్యంలో ఉన్నవాళ్ళకి, ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్ళకి వేరే ఏర్పాట్లున్నాయి.

ప్రశ్న: 12డి గడువు దాటిపోయింది. అమ్మమ్మ వీల్‌చైర్‌లో ఉంది. ఇక ఓటు లేనట్టేనా?
(ఒక విద్యార్థిని, పర్లాకిమిడి)

ఎందుకు లేదమ్మా, పోలింగ్ కేంద్రానికి తీసుకెళ్ళు. ర్యాంపు, వీల్‌చైర్ ఉంటాయి, పెద్దవాళ్ళని లైన్‌లో నిలబెట్టరు. ముందుగా ఎన్నికల సంఘం యాప్‌లో గానీ, హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేసి గానీ వీల్‌చైర్ అడిగి పెట్టుకో. అమ్మమ్మ బటన్ తనే నొక్కగలిగితే నువ్వు కుర్చీ తోసుకుంటూ అడ్డుతెర దగ్గర దాకా వెళ్ళొచ్చు, లోపలికి మాత్రం వెళ్ళకూడదు. చూపు లేనివాళ్ళు ఒంటరిగా వేయాలనుకుంటే మిషన్ మీద బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయి. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు మాత్రం రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతుంది, వాటి చట్టమే వేరు. ఈ 12డి లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలదే.

ప్రశ్న: టీమ్ వచ్చే రోజు ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి? ఏ తప్పు చేస్తే ఓటు చెల్లకుండా పోతుంది?
(ఇద్దరు ముగ్గురు అడిగారు)

ఓటరు కార్డు లేదా ఇంకో గుర్తింపు కార్డు, కళ్ళద్దాలు, వినికిడి మిషన్ మంచం పక్కన పెట్టండి. తోడు మనిషి కార్డు కూడా. కిటికీ దగ్గర వెలుతురులో ఒక బల్ల. అభ్యర్థుల తరఫు మనుషులు చూడటానికి రావొచ్చు, అది వాళ్ళ హక్కు. కానీ అడ్డు దాటి తొంగిచూసే హక్కు ఎవరికీ లేదు. చుట్టాలని, ఇరుగుపొరుగుని ఆ అరగంట వరండాలో కూర్చోబెట్టండి.

ఎక్కువగా చేసే తప్పు, బ్యాలెట్ కాగితం మీదే సంతకం పెట్టేయడం. పింఛను కాగితాలకి అలవాటైన చెయ్యి కదా, కాగితం కనబడగానే వేలిముద్రకి బొటనవేలు చాపుతారు. బ్యాలెట్ మీద ఓటు గుర్తు తప్ప పేరు, సంతకం, వేలిముద్ర ఏదీ ఉండకూడదు. మనిషిని గుర్తుపట్టే ఏ ఆనవాలు ఉన్నా లెక్కింపులో తీసేస్తారు. సంతకం పెట్టాల్సింది 13ఏ డిక్లరేషన్ మీద, దాన్ని పోలింగ్ ఆఫీసరు ధ్రువీకరించాలి. బ్యాలెట్ మడిచి 13బీ చిన్న కవరులో పెట్టి అంటించాలి. ఆ కవరునీ, డిక్లరేషన్‌నీ కలిపి 13సీ పెద్ద కవరులో పెట్టాలి. డిక్లరేషన్ చిన్న కవరులోకి వెళ్ళిపోయినా, డిక్లరేషన్ మీదా చిన్న కవరు మీదా బ్యాలెట్ నంబర్లు కలవకపోయినా ఓటు పోతుంది. రెండు ఎన్నికలు ఒకేసారి వస్తే ఈ సెట్టు మొత్తం రెండు ఉంటాయి, తెల్లది పూర్తిగా ముగించాకే గులాబీది తీయమని టీమ్‌ని అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు.

అంటించిన కవరు టీమ్ చేతికే ఇవ్వాలి. "తర్వాత మా అబ్బాయి తెచ్చిస్తాడు" అనడం కుదరదు. అంటించడం కూడా పెద్దవాళ్ళ మంచం దగ్గరే, వాళ్ళ ముందే జరగాలి. మహేంద్రతనయ ఒడ్డు మామ్మ కవరు చేతిలోకి తీసుకుని, నాలుగు అంచులూ వేళ్ళతో తడిమి, అంటుకుందని నమ్మకం కుదిరాకే నా చేతిలో పెట్టింది. మీ వాళ్ళకీ ఆ రెండు నిమిషాలు ఇవ్వండి.